మసిమూతి దించిన కేక

అనగనగా, కృష్ణ ఒడ్డున కొండలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండే చోట, ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. బడి అంటే గోడలూ గంటా ఉన్నది అనుకునేరు. అది ఒక పెద్ద బండ, అంతే. దాని మీద పాఠాలు చెప్పేది ఐరావతమ్మ అనే ముసలి ఏనుగు. అడవి అంతా ఆవిడను పంతులమ్మగారు అని పిలిచేది.

ఆ బండకు ఒక ఒప్పందం ఉంది. బండ ఎక్కిన తరువాత ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. అందుకే అక్కడ కుందేలు పిల్లా, ఏదుపంది పిల్లా, దుప్పి పిల్లా పక్కపక్కనే కూర్చుని చదువుకునేవి. నక్కలు మాత్రం ఉండేవి కావు. నక్క దుప్పి పిల్లలను ఎత్తుకుపోయే జాతి కదా, దానికి బడిలో ఏం పని అని దుప్పులు అడ్డు చెప్పేవి. అది అబద్ధమూ కాదు. నక్కలు ఎత్తుకుపోయేవి.

అయినా ఒక తల్లి నక్క పట్టు వదల్లేదు. మూడేళ్లు వరసగా, వానలు మొదలవగానే బండ కిందకు వచ్చి నిలబడి, తన కూతురికి ఒక్క చోటు ఇమ్మని అడిగింది. మూడో ఏడు పంతులమ్మగారు సరేనన్నారు. అలా ఆ బడిలో చేరిన మొదటి నక్క గోరింట. ఒళ్లంతా ఎర్రగా ఉండేది కాబట్టి ఆ పేరు. బాగా చదివేది. పాటలు కట్టేది. ముఖ్యంగా నాటకాలంటే దానికి ప్రాణం.

ఇప్పుడు వాగు అవతలి వాళ్ల సంగతి చెబుతాను, జాగ్రత్తగా వినండి. కథ అంతా దీని మీదే నడుస్తుంది.

బండకు ఎదురుగా, వాగు అవతల, ఒక ఎత్తైన మద్ది చెట్టు ఉంది. దాని మీద నలభై కొండముచ్చులు కాపురం. చెట్టు కింద దుప్పులు మేసేవి. కొండముచ్చులు పైనుంచి చిగుళ్లూ కాయలూ కింద పడేస్తే దుప్పులు తినేవి. అంతకన్నా పెద్ద సంగతి, పైనున్నవాడికి పులి ముందుగా కనబడుతుంది. కనబడగానే ఖక్ ఖక్ మని కేక వేస్తాడు. ఆ కేక కింద దుప్పి అందుకుంటుంది. దుప్పి కేక వాగు దగ్గర నెమలి అందుకుంటుంది. ఒక్క క్షణంలో అడవి అంతా పరుగు.

ఈ కేకకు అడవిలో ఒక కట్టుబాటు ఉంది. కంటితో చూసినవాడే మొదటి కేక ఎత్తాలి. విన్నవాడు ఒక్క ప్రశ్న వేయకుండా దాన్ని అందుకోవాలి. ఎందుకని? అడుగుతూ నిలబడితే పులి ఆగదు కదా. అడుగుతూ నిలబడ్డ దుప్పులు అడవిలో ఇప్పుడు లేవు.

ఆ మద్ది చెట్టు చిటారు కొమ్మను కావలి కొమ్మ అనేవారు. దాని మీద ఏడు తరాలుగా ఒకే ఇంటివాళ్లు కూర్చున్నారు. ఇప్పుడు కూర్చున్నవాడి పేరు మసిమూతి. ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ తప్పుడు కేక వేయలేదు. మసిమూతికి ఆ గర్వం ఉంది. ఉండాల్సిందే. అంత పని చేసేవాడికి ఆ మాత్రం గర్వం లేకపోతే కొమ్మ మీద నిద్రపోతాడు.

ఇక అసలు కథ.

ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో బడి పండగ జరిగేది. పిల్లలు నాటకం వేసేవారు. ఆ ఏడు నాటకం గోరింట రాసింది. అందులో ఒక దుప్పి వేషం ఉంది. ఆ వేషం కూడా తనే కట్టింది. దుప్పికి కొమ్ములు కావాలి కదా. దుప్పులకు కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. రాలినవి పొదల్లో పడి ఉంటాయి. ఏదుపందులు వాటిని కొరుక్కుతింటాయి. గోరింట ఒక జత ఏరుకొచ్చి, లతతో తలకు కట్టుకుంది.

పండగకు ఒక్క రోజు ముందు, పొద్దున పూట, బండ మీద సాధన జరుగుతోంది. మసిమూతి కొమ్మ మీద కూర్చుని అటు చూశాడు. చూస్తే ఏముంది, ఒక నక్క పిల్ల తలకు దుప్పి కొమ్ములు కట్టుకుని తూలుతూ నడుస్తోంది. చుట్టూ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. వాగు మధ్యలో ఉంది, నీళ్ల హోరుకు మాటలు వినబడవు. వినబడనవసరం లేదనుకున్నాడు మసిమూతి. నక్క, కొమ్ములు, నవ్వులు. ఇంకేం కావాలి?

ఖక్ ఖక్ మని ఎత్తేశాడు. బడి బండ మీద దుప్పులను వెక్కిరిస్తున్నారహో అన్నాడు.

కింద దుప్పులు తలెత్తాయి. కట్టుబాటు ప్రకారం ఒక్క ప్రశ్న వేయకుండా అందుకున్నాయి. కాకపోతే నక్క మన కొమ్ములు ఎత్తుకుపోయి మనల్ని వెక్కిరిస్తోంది అని అందుకున్నాయి. వాగు దగ్గర నెమలి దాన్ని అందుకుని, నక్క దుప్పిని పడేసి కొమ్ములు ఊడబెరికింది అంది. అక్కడినుంచి కొండమీద అడవిపందులకు చేరేసరికి, నక్కల మంద బడిని పట్టుకుంది, దుప్పుల వంశమే పోయింది అని తేలింది. పోయిందన్న వంశం వాళ్లే ముందు నడుస్తూ, మధ్యాహ్నానికి అడవి అడవంతా బండ ముందు చేరింది.

గోరింట కొమ్ములు విప్పి పక్కన పెట్టింది. ఏం జరుగుతోందో దానికి అర్థం కాలేదు. పిల్లలు వెనక్కి వెనక్కి జరిగారు. దాని పక్కన కూర్చునే దుప్పి పిల్లను వాళ్లమ్మ వచ్చి చెవి పట్టి లాక్కుపోయింది.

దుప్పులకు పెద్ద కొమ్ములరాయుడు. మూడు కొమ్మలుగా చీలిన పొడుగాటి కొమ్ములు, నిదానమైన మనిషి. మనిషి అన్నానా? దుప్పే, కానీ అంత పెద్దమనిషి తరహా. ఆయన ముందుకు వచ్చి తమ కోరికలు చెప్పాడు. నాటకం ఆగిపోవాలి. నక్క పిల్ల పొద్దు గూకే లోపల బడి విడిచిపోవాలి. ఇక మీదట ఏ నక్కకూ చోటు ఇవ్వనని పంతులమ్మగారు అందరి ముందు మాట ఇవ్వాలి.

"కొమ్ములంటే మాకు ఆడుకునే వస్తువులు కావమ్మా. మా తాతముత్తాతల పరువు," అన్నాడు.

వెనకనుంచి ఒక ఏదుపంది మెల్లగా, నిరుడు మీ నాన్నగారి పరువు నేను సాయంత్రం పూట కొరుక్కుతిన్నాను, అప్పుడెవరూ ఏమీ అనలేదే అంది. పిల్లలు కొందరు నవ్వు ఆపుకున్నారు. రాయుడు విననట్టు ఊరుకున్నాడు.

అడవిపందుల పెద్ద కూడా గొంతు కలిపాడు. తమ మనోభావాలు దెబ్బతిన్నాయన్నాడు.

"నాటకంలో పందులే లేవు కదా మామా, నీకెక్కడ తగిలింది దెబ్బ?" అని అడిగింది ఏదుపంది.

"మమ్మల్ని పెట్టనందుకు తగిలింది," అన్నాడు ఆయన.

పంతులమ్మగారు అందరినీ అరవనిచ్చారు. ఎంతసేపని అరుస్తారు? గొంతులు అలిసినాక, తరగతిలో అడిగినట్టే అడిగారు.

"మీలో నాటకం చూసినవాళ్లు ముందు కాలు ఎత్తండి."

ఒక్క కాలూ లేవలేదు.

సరే, పందులకు ఎవరు చెప్పారని అడిగారు. నెమలి చెప్పింది. నెమలికి ఎవరు చెప్పారు? దుప్పులు. దుప్పులకు? మద్ది చెట్టు మీదనుంచి వినబడింది. కేక కావలివాడే ఎత్తాలని లేదు, చూసిన ఎవరైనా ఎత్తొచ్చు; నలభై కొండముచ్చుల్లో ఎవరి గొంతో, వాగు హోరులో ఎవరు పోల్చుకున్నారు?

అక్కడ పంతులమ్మగారు ఆగిపోయారు. ఎందుకంటే కట్టుబాటులో ఇంకొక మాట ఉంది. కేక ఎత్తినవాడి పేరు ఎవరూ అడగకూడదు. పేర్లు అడగడం మొదలుపెడితే కావలివాడికి భయం పట్టుకుంటుంది. భయం పట్టినవాడు పులి వచ్చిన రోజున కూడా ఎత్తాలా వద్దా అని తటపటాయిస్తాడు. అందుకని అడగరు.

ఆవిడ రాయుడి వైపు తిరిగి అన్నారు: "రాయుడూ, మీరంతా కేక అందుకోవడం తప్పని నేననను. పులి కేకను అడగకుండానే అందుకోవాలి. కానీ పులి ఆగదు కాబట్టి ఆ కట్టుబాటు. నాటకం ఎక్కడికి పారిపోతుంది నాయనా? రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది. చూసి రావడానికి తీరిక ఉన్న కేకను కూడా పులి కేకలాగే అందుకున్నారు. అదీ మీరు చేసింది."

రాయుడు తల వంచుకున్నాడు. ఆయనకు ఆ మాట ఎక్కింది. కానీ వెనక ఉన్న గుంపుకు ఎక్కలేదు. అడవిలో ఒకసారి లేచిన కేక దానంతట అది చల్లారదు. ఎత్తినవాడే దించాలి. పులి వెళ్లిపోయినప్పుడు కావలివాడు హూప్ మని మెత్తగా ఒక కూత కూసి, ఏం చూశాడో, అది ఎటు పోయిందో నోటితో చెబుతాడు. అప్పుడు గాని దుప్పి తల దించదు. ఇప్పుడు కూడా పంతులమ్మగారు చెప్పినా, రాయుడు చెప్పినా, ఎవరూ కదల్లేదు. కేక దిగలేదు కదా, ఏదో ఉండే ఉంటుంది అన్నారు.

అప్పుడు గోరింట బండ అంచుకు వచ్చింది. గుంపును సూటిగా చూస్తూ అంది:

"నన్ను పొమ్మంటే పొద్దు గూకేలోపు పోతాను. మా అమ్మ మూడేళ్లు ఇక్కడ నిలబడింది, ఆమెకు నేనే చెప్పుకుంటాను. ఒక్కటే అడుగుతున్నా. నాటకం ఒకసారి చూసి, అప్పుడు పొమ్మనండి."

 ఎండ వాలుతోంది.

మద్ది చెట్టు మీద మసిమూతి ఇదంతా చూస్తున్నాడు. ఈసారి గాలి బండ వైపునుంచి వీస్తోంది కాబట్టి ప్రతి మాటా వినబడింది. పక్కన అతని పెళ్లాం చిగురమ్మ కూర్చుని ఉంది.   కేక ఎవరిదో ఆమెకు తెలుసు, ఇన్నేళ్ల కాపురం కదా.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మసిమూతి నోరు విప్పకపోతే ఏమవుతుంది? అతనికి ఏమీ కాదు. పేరు ఎవరూ అడగరు. ఏడు తరాల కొమ్మ అతనిదే. పిల్లలు, మనవలు, అందరూ అదే కొమ్మ మీద కూర్చుంటారు. నోరు విప్పితే? చూడకుండా కేక ఎత్తినవాడు కావలి కొమ్మ దిగాలి. తొలకరి పడేదాకా దాన్ని తాకకూడదు. అదీ కట్టుబాటే. ఏడు తరాల్లో ఎవరూ దిగలేదు. మొదట దిగినవాడుగా తన పేరే చెప్పుకుంటారు.

 చివరకు మసిమూతి, నేను దిగితే మన ఇంటి పేరు ఏమవుతుందే అన్నాడు.

చిగురమ్మ ఒక ఆకు తుంపి, "ఆ నక్క పిల్ల పేరు ఏమవుతోందో చూస్తున్నావుగా," అంది.

మసిమూతి దిగాడు. ఒక్కో కొమ్మా పట్టుకుని, అందరూ చూస్తుండగా దిగాడు. చిటారు కొమ్మకు అలవాటైనవాడికి అందరి కళ్ల ముందు నేల మీద నడవడం ఎంత ఇబ్బందో మీరే ఊహించుకోండి. వాగు రాళ్ల మీదుగా దాటి, గుంపు మధ్యలోంచి నడిచి బండ ఎక్కాడు. దారిలో ఎవరో, కావలి మామ మన వైపు మాట్లాడటానికి వచ్చాడు అన్నారు.

అతను నేరుగా గోరింట దగ్గరకు వెళ్లాడు.

"పొద్దున పిల్లలు దేనికి నవ్వారమ్మా?" అని అడిగాడు.

గోరింట తెల్లబోయి చూసింది. తన తల దుప్పి తలకన్నా చిన్నది కదా, కొమ్ములు ముక్కు మీదికి జారిపోయాయనీ, కళ్లకు అడ్డం వచ్చి బండ మీద పడబోయిందనీ, అందుకే నవ్వారనీ, అందరికన్నా ముందు తనే నవ్వాననీ చెప్పింది.

మసిమూతి గుంపు వైపు తిరిగాడు. హూప్ మని మెత్తగా కూశాడు. అది అందరికీ తెలిసిన కూత. దుప్పుల చెవులు నిక్కాయి. ఇప్పుడు ఏం చూశాడో చెప్పాలి.

"ఎత్తింది నేను," అన్నాడు. "నక్కను చూశాను. కొమ్ములు చూశాను. నవ్వులు చూశాను. మాట ఒక్కటి వినలేదు. మిగతాది నా బుర్రలోంచి తీసి చెప్పాను. ఆ బండ మీద దుప్పి నిలబడి ఉంటే, ఆటాడుకుంటున్నారు అనుకునేవాణ్ని. నక్క కాబట్టి కేక ఎత్తాను. అక్కడ పులి లేదు. వెక్కిరింతా లేదు. తప్పు నాది. కేక దించుతున్నాను."

 ఒక పంది, ఇంత దూరం కొండ దిగి వచ్చింది ఇందుకా అని గొణిగింది. ఇంకొకడు కావలివాడే ఇలా చేస్తే ఎలా అన్నాడు. ఆ మాట మసిమూతికి తగిలింది. తగలవలసిందే. అతను మద్ది చెట్టు వైపు చూసి, నేటినుంచి తొలకరి దాకా కొమ్మ చిగురమ్మది, ఆమె కళ్లు నా కళ్లకన్నా మంచివి అని మాత్రం చెప్పి, బండ కింద ఒక మూల కూర్చున్నాడు. దిగమని ఎవరూ అడక్కముందే దిగాడు, అది గమనించండి.

పందుల్లో సగం అప్పుడే వెళ్లిపోయాయి. వాళ్లకు కోపం కావాలి గాని నాటకం కాదు. అలాంటివాళ్లు ఉంటారు. మిగతావాళ్లను రాయుడు ఉండమన్నాడు. రేపటి దాకా ఎందుకు, ఆ అమ్మాయి అడిగింది కదా, ఇప్పుడే చూద్దాం అన్నాడు.

పంతులమ్మగారు తొండం ఊపారు. పిల్లలు ఒక్కొక్కరే మళ్లీ బండ ఎక్కారు. వాళ్లమ్మ చెవి పట్టి లాక్కుపోయిన దుప్పి పిల్ల అందరికన్నా ముందు వచ్చింది. వాళ్లమ్మ ఈసారి ఆపలేదు.

నాటకంలో కథ ఇది. అడవికుక్కల మంద దుప్పుల మీదికి వస్తుంది. అన్నీ పారిపోతాయి. ఒక ముసలి దుప్పి మాత్రం వాగు రేవులో వెనక్కి తిరిగి నిలబడుతుంది. ముందు కాలు నేలకేసి కొడుతూ, కొమ్ములు వంచి, పిల్లలన్నీ అవతలి ఒడ్డు చేరేదాకా అక్కడే ఉంటుంది. గోరింట ఆ వేషం కట్టింది. కొమ్ములు మళ్లీ ముక్కు మీదికి జారాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది తల ఎగరేసి కొమ్ములు సరిచేసుకుని మళ్లీ కాలు నేలకేసి కొట్టింది. కొట్టిన ప్రతిసారీ కింద కూర్చున్న దుప్పులు కూడా తెలియకుండానే కాళ్లు కొట్టాయి. చివరకు బండ అంతా ఒకటే దడదడ.

ఆట అయిపోయింది. రాయుడు లేచి గోరింట దగ్గరకు నడిచాడు.

"ఆ కాలు కొట్టడం ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాడు. 

"ఎవరూ నేర్పలేదు తాతా. మిమ్మల్ని రోజూ చూస్తాను."

"మా పిల్లలు కూడా ఇంత బాగా కొట్టలేరు," అన్నాడు ఆయన. దుప్పుల వైపు తిరిగి, తమ వంశం గురించి ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదనీ, చెప్పినది తమలో పుట్టనిది కావడం తనకు ఇంకా గర్వంగా ఉందనీ అన్నాడు. గోరింటను పొమ్మన్న మాట ఆయనే అందరి ముందూ వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట తీసుకోవడానికి ఆయన గొంతు తడబడలేదు. మసిమూతి అప్పటికే దారి చూపించాడు కదా.

గోరింట వాళ్లమ్మ చీకటి పడే వేళకు కూతురి కోసం వచ్చింది. పొద్దున అడవిలో లేచిన కేక సంగతి దారిలో విని, ఏడుస్తూ వచ్చింది పాపం. దూరంనుంచే బండ మీద దుప్పులన్నీ తన కూతురి చుట్టూ నిలబడి ఉండటం చూసి ఆగిపోయింది. ఏమైందో పంతులమ్మగారు చెప్పారు. ఆ తల్లి చాలాసేపు అక్కడే నిలబడి కూతుర్ని చూసుకుంది. లోపలికి పిలిచినా రాలేదు. ఇక్కడినుంచే బాగా కనబడుతోంది అంది.

రోజులు గడిచాయి. ఇప్పపూలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. మసిమూతి కింది కొమ్మల్లోనే తిరిగేవాడు. పిల్ల కొండముచ్చులు కొమ్మ దిగిన మామా అని ఆటపట్టించేవి. అతను కాయ ఒకటి విసిరి ఊరుకునేవాడు. పైన చిగురమ్మ కావలి బాగా కాసింది. ఒకసారి చిరుతను ఎంత దూరంనుంచి చూసిందో చెప్పుకుని నెమలి వారం రోజులు మురిసింది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి లేచింది. మొదటి చినుకు మద్ది ఆకు మీద టప్పున పడింది. చిగురమ్మ కొమ్మ దిగి వచ్చి, మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"మన ఏడు తరాల్లో బాగా కేక ఎత్తినవాళ్లు చాలామంది ఉన్నారు," అంది. "దించినవాడివి నువ్వొక్కడివే. ఎక్కు."

మసిమూతి ఎక్కాడు. కొమ్మ మీద కూర్చుని కిందకు చూడటానికి అతనికి భయం వేసింది. ఒకసారి తప్పు చూసిన కళ్లను ఎవరు నమ్ముతారు? దుప్పులు వాగు గట్టున గుంపుగా నిలబడి ఉన్నాయి. కదలడం లేదు. ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి.

గుంపులోంచి ఒక తల్లి దుప్పి ముందుకు వచ్చింది. కవల పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఏడు పుట్టినవి, కాళ్లింకా నిలకడ రానివి. చెట్టు కిందకు వచ్చి పైకి ఒకసారి చూసింది. తరువాత తల పూర్తిగా దించి, చెవులు వదులు చేసి, కొత్తగడ్డి కొరకసాగింది.

దుప్పికి తల దించడం అంటే ఏమిటో మీకు తెలుసా? కళ్లు గడ్డిలో పెట్టి, తన ప్రాణాన్నీ పిల్లల ప్రాణాలనూ పైనున్నవాడి కళ్లకు అప్పజెప్పడం. అడవిలో అంతకన్నా పెద్ద సన్మానం లేదు.

వాన పెరిగింది. ఒక దుప్పి వెనక ఒకటి, మందంతా మద్ది చెట్టు కిందకు వచ్చి తలలు దించింది. పైన మసిమూతి నిటారుగా కూర్చుని, కళ్లలో పడుతున్న నీళ్లను తుడుచుకుంటూ, నాలుగు దిక్కులూ చూస్తున్నాడు.

నీతి: కోపం తెప్పించే మాట చెవిన పడగానే గొంతు కలపకు, వెళ్లి నీ కళ్లతో చూసి రా. చూడకుండా అరిచి ఉంటే, నీ తప్పును నీ నోటితోనే అందరి ముందూ ఒప్పుకో. అలా ఒప్పుకున్నవాడి మాటనే లోకం నమ్ముతుంది.